గెడకు కట్టిన ఆకు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

వియత్నాంలోని కాన్ థో ఊళ్ళో నీటి మీద పడవల్లో సాగే బజారు గురించి నువ్వు రాసి పంపిన పడవ ప్రయాణ వ్యాసం చదివాను. మొదటిసారి సగంలో పక్కన పెట్టేశాను. మొదటి పేజీలోనే "రంగుల హరివిల్లు", "కాలం ఆగిపోయిన లోకం", "తూర్పు వెనిస్" వరసగా తగిలితే ఏం చెయ్యమంటావు? ఆ వెనిస్ బిరుదు బ్యాంకాక్‌కి ఎప్పుడో ఇచ్చేశారు, మన అలెప్పీకీ ఇచ్చారు. ఇంకా ఎంతమందికి పంచుతావు?

మర్నాడు మళ్ళీ తీశాను. నాలుగో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "ఒక పాత పడవ గెడకు ఎండుటాకు కట్టి ఉంది, ఎందుకో. వెనక ఒక ముసలాయన టీ తాగుతున్నాడు." అంతే. ఆ వెంటనే నువ్వు సూర్యోదయంలోకి వెళ్ళిపోయావు, ఒకటిన్నర పేజీ.

ఆ "ఎందుకో" నాకు నిద్ర పట్టనివ్వలేదు. ఎందుకో చెప్తాను. నువ్వు చూసిన ఆ కాయ్ రాంగ్ పడవల బజారులో ఎక్కువగా టోకు బేరమే. తోటల నుంచి సరుకు ఎత్తుకొచ్చిన పెద్ద పడవల దగ్గర చిన్న పడవల వాళ్ళు కొని, పిల్ల కాలువల్లో ఇంటింటికీ తీసుకెళ్ళి అమ్ముకుంటారు. ఇంజన్ల చప్పుడులో కేకలు వినపడవు కదా, అందుకని ముందు భాగంలో గెడ నిలబెట్టి, ఏం అమ్ముతారో అది దానికి కడతారు. అనాస అమ్మేవాడు అనాస, గుమ్మడి అమ్మేవాడు గుమ్మడి. ఇంతవరకూ నువ్వూ రాశావు, ఫోటో కూడా పెట్టావు. అయితే అక్కడ దీన్ని పొడుపు కథలా చెప్తారు. కట్టినా అమ్మనిది ఏమిటి? ఆరేసిన బట్టలు. కట్టకపోయినా అమ్మేది? కాఫీ, నూడుల్స్. ఒకటి కట్టి ఇంకోటి అమ్మేది? ఇంటి కప్పుకు వేసే ఆకు కట్టారంటే పడవనే అమ్మకానికి పెట్టారని. ఆ పడవే వాళ్ళ ఇల్లు కదా మరి.

అమ్మాయ్, ఆ ముసలాయన ఇల్లు అమ్ముకుంటూ టీ తాగుతున్నాడు. నువ్వు పక్కనుంచి వెళ్ళిపోయావు.

నిన్ను తిడుతున్నానుగానీ నేనూ ఘనుణ్ణేం కాదు. మా అల్లుడు సైగాన్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో నేనూ ఆ బజారుకు వెళ్ళాను. తెల్లవారుజామున నిన్‌ కియూ రేవులో ఎక్కించారు. నేను కెమెరా పట్టుకుని పడవల ముక్కులకు గీసిన కళ్ళ బొమ్మలు లెక్కపెడుతూ కూర్చున్నాను. ఆకు సంగతి పడవ నడిపే ఆవిడే చెప్పింది, అదీ నేను అనాసపండుకు బేరం ఆడబోయి నవ్వులపాలయ్యాక. పది వేల డాంగ్‌లు (అక్కడి డబ్బు) అన్నాను, ఆవిడ పదిహేను అంది, చివరికి పదిహేనే ఇచ్చాను. కాడ పట్టుకుని ఐస్‌ఫ్రూట్‌లా తినేట్టు చుట్టూ చెక్కి ఇచ్చింది. ఆ ఐదు వేల దగ్గర మొదలైన మాటలు గంటసేపు సాగాయి. దుబాసీ పని మా అల్లుడి స్నేహితుడు చేశాడు, పాపం.

అందుకే చెప్తున్నాను, బేరం లేని సంత రాయకు. నలభై ఏళ్ళుగా ఇదే చెప్తున్నాను, ఎవరూ వినరు. నీ పదకొండు పేజీల్లో ఒక్క ధర లేదు. ఎవరు ఎంతకు కొన్నారు, పడవకు డీజిల్ ఎంత, రాత్రి సరుకు అమ్ముడుపోకపోతే ఎక్కడ పడుకుంటారు, ఒక్కటీ లేదు. రంగులు మాత్రం ఇరవై మూడు చోట్ల ఉన్నాయి, లెక్కపెట్టాను.

నాకు ఈ పిచ్చి మా తాత నుంచి వచ్చింది. గోదావరి కాలువ లాకుల దగ్గర గుమాస్తా ఆయన. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక తవ్విన ఆ కాలువలు పొలాలకు నీళ్ళే కాదు, పడవలకు దారి కూడా. కొబ్బరికాయలు ఎన్ని, ధాన్యం ఎన్ని బస్తాలు, ఎవరిది, ఎక్కడికి అని ఆయన పుస్తకంలో రాసేవాడు. ఆ పుస్తకం పట్టుకుని నేను మొదటి వ్యాసం రాశాను. ఒక వారపత్రిక సంపాదకుడు కిరాయి లెక్కలన్నీ కొట్టేసి, "లెక్కలు విసుగు, ప్రకృతి శోభ పెంచండి" అన్నాడు. పెంచాను. అచ్చయింది. మా తాత చదివి, "ఇందులో పడవలేవిరా?" అన్నాడు. ఇప్పటికీ ఆ సంపాదకుడి మీద కోపం పోలేదు. ఇప్పుడు ఆయన బదులు డ్రోన్లు వచ్చాయి. పైనుంచి చూస్తే గెడకు ఏం కట్టారో ఎలా కనపడుతుంది?

"రోడ్ల వల్ల ఈ బజారు మాయమవుతోంది, అయ్యో" అని చివర ఏడ్చావు. 2010లో అక్కడి హౌ నది మీద కాన్ థో వంతెన తెరిచారు, లారీలు ఊళ్ళోకే వస్తున్నాయి. తోట గట్టు మీదే కాయ లారీకెక్కితే పడవ ఎందుకు? 2016లో ఆ బజారును జాతీయ వారసత్వ జాబితాలో చేర్చారు, మంచిదే. కానీ ఆ ముసలాయన పడవను కొనేదెవరు? ఎంతకు? బిడ్డలు రోడ్డు పక్క కొట్టు పెట్టారా, సైగాన్ ఫ్యాక్టరీకి వెళ్ళారా? నీ అయ్యో కన్నా నాకు అది కావాలి.

నువ్వడిగిన ఏడు ప్రశ్నల్లో ప్రచురణకర్తల గురించినవి మూడు. వాటి జోలికి నేను పోను, బీపీ పెరుగుతుంది. శైలి గురించి ఇంకోసారి. నూడుల్స్ పడవావిడ ఒక చేత్తో కట్టె తెడ్డు, ఇంకో చేత్తో గరిటె పట్టుకున్న పేరా బావుంది. దాన్ని ముట్టుకోకు.

ఆ ఆకు పడవ ఫోటో తీశావా? ఉంటే పంపు. గెడ మొత్తం పడిందో లేదో, ఆ ముసలాయన వెనక ఇంకెవరైనా ఉన్నారో చూడాలి.