వెలుగు నీడలు: తా వలచింది రంభే అయితే ఫొటో ఎందుకు తెల్లబడాలి?

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మాయికి 26 ఏళ్ళు. బ్యాంకులో ఉద్యోగం. చామనఛాయ కంటే ఒక పిసరు నలుపు, కానీ కనుముక్కు తీరుగా ఉంటుంది. సంబంధాల కోసం స్టూడియోలో ఫొటో తీయిస్తే పిల్లని తెల్లగా చేసి ఇచ్చారు. మావాళ్ళు అదే పంపమంటున్నారు. పిల్లేమో ‘అది నేను కాదు’ అని భీష్మించుకు కూర్చుంది. తా వలచింది రంభ, తా మునిగింది గంగ అంటారు కదా. అందం అనేది చూసేవాళ్ళని బట్టే అయితే, వచ్చిన సంబంధాల వాళ్ళంతా రంగు గురించి ఒకే మాట ఎందుకంటున్నారు? అందానికి అందరికీ ఒకటే కొలబద్ద ఉందంటారా?
— ఒక తల్లి, తణుకు

జవాబు: అమ్మా, ముందు మీ అమ్మాయి మాట వినండి. ఆ ఫొటో ఎవరికీ పంపకండి. ఎందుకంటున్నానో తెలియాలంటే 1983లో మా ఇంట్లో జరిగిన సంగతి చెప్పాలి.

తెనాలిలో నేను స్టూడియో పెట్టిన రెండో ఏడు అది. మా మేనత్త కూతురికి పెళ్ళిచూపులు. ‘కాస్త రంగు తేలేలా ఫొటో చెయ్యరా’ అంది అత్తయ్య. అప్పట్లో కంప్యూటర్లు లేవు. నెగెటివ్‌ని టచింగ్ డెస్కు మీద పెట్టి, కింద నుంచి వెలుగు వస్తుంటే, సూదిమొనలా చెక్కిన పెన్సిల్‌తో చుక్కలు పెట్టుకుంటూ పోవాలి. నెగెటివ్‌లో ఎక్కడ నలుపు పెరిగితే ప్రింటులో అక్కడ తెలుపు తేలుతుంది. నుదురు, బుగ్గలు, గడ్డం, మెడ… చుక్క పక్కన చుక్క పెడుతూ రెండు రాత్రులు కూర్చున్నాను. ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ ఉంటే అది కూడా పూడ్చేశాను. ప్రింటు చూసి ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నారు.

పెళ్ళిచూపులనాడు నేనూ ఆ హాల్లోనే ఉన్నాను. మరదలు కాఫీ ట్రే పట్టుకుని వచ్చింది. పెళ్ళికొడుకు తల్లి సంచిలోంచి ఫొటో తీసింది. ఫొటో వంక చూసి, పిల్ల వంక చూసి, మళ్ళీ ఫొటో వంక చూసి, ‘ఈ ఫొటో ఈ పిల్లదేనా?’ అని అడిగింది. గట్టిగా కూడా అనలేదు. ట్రేలో కప్పులు గలగలమన్నాయి. ఆ చప్పుడు నాకిప్పటికీ చెవుల్లోనే ఉంది. ఆవిడ అలా అడిగిందంటే ఆవిడ తప్పు కాదు, నా పెన్సిల్‌ది. మరుసటేడు ఇంకో సంబంధం కుదిరాక, పెళ్ళి ఫొటోలు తీస్తుంటే మరదలు నా దగ్గరకొచ్చి ‘బావా, ఈసారి మచ్చ తీయకు’ అంది. ఆ తర్వాత నేను ఎవరి మచ్చా తీయలేదు, రంగూ మార్చలేదు.

ఇక మీ ప్రశ్న. అందరికీ ఒకటే అనిపించే అందం కొంత ఉంది, కాదనను. 1870ల్లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఆయన, నేరస్థుల మొహాలన్నిటినీ ఒకే ఫొటో ప్లేటు మీద ఒకదాని మీద ఒకటి ఎక్స్‌పోజ్ చేశాడు. నేరస్థుడి మొహం ఎలా ఉంటుందో తేల్చాలని ఆయన ఆశ. తీరా చూస్తే, వచ్చిన మొహం విడివిడి మొహాలకన్నా బాగుంది. 1990లో అమెరికాలో ఇదే పని కంప్యూటర్‌తో చేశారు. 16, 32 మొహాలు కలిపితే వచ్చిన మొహమే చాలామందికి నచ్చింది. పెద్దవాళ్ళు బాగుందన్న మొహాన్ని నెలల పిల్లలు కూడా ఎక్కువసేపు చూస్తారని 1987లోనే టెక్సాస్‌లో పరీక్షించి చెప్పారు. డార్క్‌రూమ్‌లో బతికినవాణ్ణి కాబట్టి ఆ మాట నమ్మడానికి నాకు కష్టం కాలేదు. తీరైన కనుముక్కు, నిద్ర చాలిన కళ్ళు, నిగనిగలాడే చర్మం ఎవరికైనా బాగానే కనిపిస్తాయి.

కానీ కథ అక్కడితో అయిపోదు. 2015లో అమెరికా పరిశోధకులు 500కు పైగా అచ్చుగుద్దినట్టుండే కవల జంటలకు మొహాల ఫొటోలు చూపించి మార్కులు వేయమన్నారు. ఏ ఇద్దరిని తీసుకున్నా అభిప్రాయాలు సుమారు సగం మేరకే కలిశాయి. మిగతా సగంలో ఎవరి ఇష్టం వాళ్ళది. ఒకే కడుపున ఒకే పోలికతో పుట్టిన కవలల్లో కూడా ఆ ఇష్టం వేరువేరుగానే ఉంది. అది చాలావరకు పుట్టుకతో వచ్చింది కాదు, ఎవరి బతుకులో ఎదురైన మొహాల నుంచి వాళ్ళు తెచ్చుకున్నదని తేల్చారు. మీకు ఎవరి నవ్వు చూస్తే ప్రాణం లేచొస్తుందో ఒకసారి తలచుకోండి. ఆ నవ్వు మీ చిన్నప్పుడు మీ ఇంట్లోనో, పక్కింట్లోనో చూసిందే అయ్యుంటుంది.

మరి రంగు? దాన్ని మనం నేర్చుకున్నాం. ‘ఎర్రగా బుర్రగా ఉన్నాడు’ అని మెచ్చుకునేదీ మనమే, ‘నలుపు నారాయణుడు మెచ్చు’ అనేదీ మనమే. ద్రౌపదికి కృష్ణ అనే పేరు ఆమె ఒంటి నలుపును బట్టే వచ్చింది. ఆమె అందానికి ఎవరైనా వంక పెట్టారా? ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ అనే తెల్లబరిచే క్రీము 1975లో మన అంగళ్ళలోకి వచ్చింది. ఆ పేరులోంచి ‘ఫెయిర్’ అన్న మాట తీసేయడానికి 2020 దాకా ఆగాల్సి వచ్చింది. 45 ఏళ్ళ పాటు ఇంటింటా చెప్పిన పాఠాన్ని సంబంధాల వాళ్ళు మీకు అప్పజెబుతున్నారు.

మీరు చెప్పిన సామెతనే ఇంకోసారి చదవండమ్మా. అందులో ముందు వలచడం ఉంది, రంభ తర్వాత వచ్చింది. పెళ్ళిచూపుల్లో ఇంకా ఎవరూ ఎవరినీ వలచలేదు కదా. అందుకని నలుగురూ ఏమంటారో అని నలుగురి కొలబద్దే పట్టుకొస్తారు. పదేళ్ళు కాపురం చేసిన జంటలు నా స్టూడియోకి వస్తే భర్త నోట రంగు మాట నేను వినలేదు. ‘ఆవిడ నవ్వేటప్పుడు తీయండి’ అనేవాళ్ళు.

తెలుపే అందమన్న ఆ పాఠం మా ఫిల్ములో కూడా ఉండేది. కలర్ ప్రింట్లు సరిచూసుకోవడానికి కొడాక్ కంపెనీ ల్యాబులకు ఒక కార్డు పంపేది. దాని మీద తెల్లజాతి అమ్మాయి బొమ్మ. మొదటి కార్డులో ఉన్నామె పేరు షర్లీ కావడంతో వాటికి షర్లీ కార్డులనే పేరు పడింది. ఆ అమ్మాయి ఒంటిరంగు సరిగ్గా వస్తే ప్రింటు సరైనట్టు. నల్లని మొహాల్లో కళ్ళు, పళ్ళు తప్ప ఏమీ తేలకపోయినా చాన్నాళ్ళు ఎవరికీ పట్టలేదు. చాక్లెట్ల వాళ్ళూ, చెక్క సామాన్ల వాళ్ళూ మా సరుకు రంగు సరిగ్గా రావడం లేదని అడిగాక గానీ ఫిల్ము బాగుపడలేదు. మీ అమ్మాయిలాంటి ఎందరో ఆడపిల్లలు, ఫొటోలో నల్లగా పడింది తమ లోపమే అనుకుని ఏడ్చి ఉంటారు. ఇది తలచుకుంటే నాకు కోపం ఆగదు.

ఇప్పటి స్టూడియోల్లోనూ ఒక పొరపాటు జరుగుతుంటుంది. వెనక తెల్ల తెర వేస్తారు. ఆటో మోడ్‌లో పెట్టిన కెమెరా ఆ తెలుపుకి జడిసి వెలుగు తగ్గించేస్తుంది. దాంతో మొహం ఉన్నదానికన్నా నల్లబడుతుంది. ఆ తర్వాత కంప్యూటర్‌లో తెల్లసున్నం కొడతారు. మీ పిల్ల రంగు రెండుసార్లు పోయిందన్నమాట.

వీలైతే పిల్లని తీసుకుని ములుగు జిల్లాలో రామప్ప గుడికి వెళ్ళి రండి. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. చూరు కింద మదనికల (నాట్యకత్తెల) బొమ్మలన్నీ నల్లరాయి. అద్దంలా నునుపు తేల్చారు. వాటిని ఫొటో తీస్తూ నేనొక పాఠం నేర్చుకున్నాను. తెల్లని ఒంటికి రూపం నీడ వల్ల వస్తుంది, నల్లని ఒంటికి మెరుపు వల్ల వస్తుంది. పొద్దున పక్కనుంచి వెలుగు పడితే ఆ మదనిక భుజం మీద ఒక గీత మెరుస్తుంది, చెంప మీద ఇంకోటి. మా తెనాలికి దగ్గర్లోనే ఉన్న అమరావతి శిల్పాల్లో ఆడవాళ్ళేమో నిండైన తుంటితో, బరువైన కడియాలతో ఉంటారు. రామప్ప మదనికలు సన్నగా పొడుగ్గా సాగుతారు. వెయ్యేళ్ళలో మన శిల్పులకే కొలతలు మారిపోయాయి చూడండి.

ఫొటో ఇంట్లోనే తీయండి. ఉదయం పదింటికి, ఎండ నేరుగా పడని కిటికీ పక్కన పిల్లని కూర్చోబెట్టండి. గోడ ముదురు రంగుదైతే మంచిది. ఫ్లాష్ వద్దు, ఫోన్‌లో బ్యూటీ మోడ్ ఆపేయండి. తెర మీద మొహాన్ని వేలితో తాకితే కెమెరా మొహానికే వెలుగు సరిచూసుకుంటుంది. పౌడరు తక్కువ వేయండి, ఎక్కువైతే మెరుపు చచ్చిపోతుంది. ఫొటో మీ అమ్మాయినే ఎంచుకోనివ్వండి.

ప్రశ్న: అంకుల్, నేను డల్లాస్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. సెల్ఫీల్లో నా ముక్కు లావుగా పడుతోంది. ఫ్రెండ్స్ కూడా అదే అంటున్నారు. సర్జరీ చేయించుకుందామని టెన్షన్ పడుతున్నాను. — 23 ఏళ్ళ అబ్బాయి

జవాబు: ఆగు బాబూ. తప్పు నీ ముక్కుది కాదు, నీ చెయ్యి పొడవుది. మొహానికి అడుగు దూరంలో ఫోన్ పెడితే, ఐదడుగుల దూరం నుంచి తీసిన దానికన్నా ముక్కు సుమారు 30 శాతం వెడల్పుగా పడుతుందని 2018లో అమెరికా డాక్టర్లే లెక్కగట్టి చెప్పారు. దగ్గరున్నది పెద్దగా కనిపిస్తుంది, అంతే. ఫోన్‌ని ఐదారడుగుల దూరంలో నీ కళ్ళ ఎత్తున దేనికైనా ఆనించి, టైమర్ పెట్టి తీసుకో. ఆ ఫొటో మీ అమ్మకు పంపి, ఆవిడ ఏమందో నాకు రాయి. అప్పటిదాకా ఏ డాక్టర్ దగ్గరా అపాయింట్‌మెంట్ తీసుకోకు.