నవ్వు వచ్చింది సరే, ఓటు వస్తుందా?

ప్రశ్న: మా అభ్యర్థి సోషల్ మీడియా పని నేనే చూస్తున్నా సార్. అవతలాయనకి కాస్త నత్తి, దాని మీద వెటకారం వీడియోలు వదిలితే వ్యూస్ దుమ్ము లేపుతున్నాయి, మేనిఫెస్టో గురించి పెడితే ఒక్కడూ చూడట్లేదు. ఇలాగే లాగించెయ్యొచ్చా?

జవాబు: వద్దు బ్రదర్, ఇవాళే ఆపెయ్యండి. నీతులు చెప్పట్లేదు, లెక్క చెప్తున్నా. ఆ వీడియోల కింద పగలబడి నవ్వే ఎమోజీలు పెట్టేది చాలామటుకు ఎలాగూ మీకే ఓటేసేవాళ్లు, మీకు కావాల్సింది ఇంకా తేల్చుకోనివాడి ఓటు, వాడింట్లోనే ఒకరికి నత్తి ఉందనుకోండి, ఇక అంతే సంగతులు. 1993లో కెనడాలో ఇదే అయింది. ప్రతిపక్ష నేత జాన్ క్రెటియెన్‌కి చిన్నప్పట్నుంచీ మూతి ఒక పక్కకి లాగేసి ఉంటుంది. అధికారంలో ఉన్న ప్రోగ్రెసివ్ కన్జర్వేటివ్ పార్టీ ఆయన మొహం క్లోజప్‌లో చూపిస్తూ, ఈయనా మన ప్రధాని అన్నట్టు టీవీ యాడ్ వేసింది. సొంత పార్టీ అభ్యర్థులే ఛీ అన్నారు, వెంటనే వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. దేవుడు నాకు ఈ లోపం ఇచ్చాడు, ఏం చేస్తాం అన్నట్టు క్రెటియెన్ తాపీగా మాట్లాడి సానుభూతంతా మూటగట్టుకున్నాడు. మెజారిటీ ఉన్న పార్టీ చివరికి 2 సీట్లకి పడిపోయింది. మొత్తం ఆ యాడ్ వల్లే అనను, వాళ్ల పడవ అప్పటికే మునుగుతోంది, కానీ చిల్లు ఇంకాస్త పెద్దది చేసుకున్నారు.

వెటకారమే వద్దనట్లేదు నేను, మనిషి పుట్టుకని వదిలేసి వాడి మాటల్ని పట్టుకోండి అంటున్నా. 1984లో అమెరికాలో అధ్యక్ష ఎన్నికకి డెమొక్రాటిక్ పార్టీ టికెట్ కోసం వాల్టర్ మాండేల్, గ్యారీ హార్ట్ పోటీ పడ్డారు, హార్ట్ ఎక్కడికెళ్లినా నావి కొత్త ఐడియాలు అంటాడు. అప్పట్లో టీవీలో ఒక బర్గర్ యాడ్ తెగ నడుస్తోంది, ఇంత పెద్ద బన్ను తెరిచి చూస్తే లోపల చిటికెడు మాంసం, ఒక ముసలావిడ 'బీఫ్ ఏదీ?' అని అరుస్తుంది. డిబేట్‌లో మాండేల్, నీ ఐడియాలు వింటుంటే నాకు ఆ యాడే గుర్తొస్తోందయ్యా అన్నాడు. అంతే, హార్ట్ ఇక ఆ కొత్త ఐడియాల్లో సరుకేంటో విప్పి చెప్పాల్సిన పరిస్థితి. టికెట్ మాండేల్‌కే వచ్చింది.

ప్రశ్న: అధికారంలో ఉన్నోళ్లు జోకేస్తే కేసులు పెట్టే రకం అయితే?

జవాబు: అక్కడే జోకుకి పదునెక్కువ. సెర్బియాలో మిలోషెవిచ్ అనే పాలకుడు అధికారంలో ఉన్న రోజుల్లో ఒత్‌పోర్ అనే కుర్రాళ్ల ఉద్యమం ఉండేది. రాజధాని బెల్‌గ్రేడ్ వీధిలో ఒక డ్రమ్ముకి ఆయన బొమ్మ అంటించి, పక్కన కర్ర పెట్టి, నాణెం వేసి ఒకటి పీకండి అని వదిలేసి పక్కకి తప్పుకున్నారు. జనం వరసగా వచ్చి బాదుతున్నారు. పోలీసులొచ్చారు, ఎవర్ని పట్టుకోవాలో తెలీక డ్రమ్మునే ఎత్తుకెళ్లారు! వదిలేస్తే చేతకానోళ్లు, పట్టుకుంటే కామెడీ, ఎటు చూసినా పరువు గోవిందా. అయితే ఇలాంటివి జనంలో భయం పోగొడతాయి, అంతవరకే. 2000లో ఆయన్ని దించింది 18 పార్టీలు ఒక్క అభ్యర్థి వెనక నిలబడటం, ఓట్లని తమంతట తాము కూడా లెక్కపెట్టుకోవడం, ఆ తర్వాత రోడ్డెక్కిన జనం. మీమ్స్ చేసేవాళ్లు ఈ సగం మర్చిపోతుంటారు.

ప్రశ్న: మా లీడర్‌నే ట్రోల్ చేస్తే రిప్లై ఇవ్వాలా, వదిలెయ్యాలా?

జవాబు: లీగల్ నోటీసు మాత్రం పంపకండి, చూడనోళ్లు కూడా వెతుక్కుని మరీ చూస్తారు. అబద్ధమైతే ఆధారం పెట్టి ఊరుకోండి. మిగతావాటికి మీ లీడరే తన మీద తాను జోకేసుకుంటే బెస్ట్. ఇందాకటి మాండేల్‌కి అదే ఏడాది అసలు ఎన్నికలో అప్పటి అధ్యక్షుడు రీగన్ తగిలాడు. రీగన్‌కి 73, మొదటి డిబేట్‌లో తడబడ్డాడు, పెద్దాయన పనైపోయిందన్నారు. రెండోదాంట్లో వయసు గురించి అడిగితే, నేను వయసుని ఇష్యూ చెయ్యను, నా ప్రత్యర్థి కుర్రతనాన్నీ అనుభవలేమినీ వాడుకోను అనేశాడు. ఆ 'కుర్రాడి' వయసు 56! మాండేల్ కూడా ఆపుకోలేక నవ్వేశాడు. రీగన్ 49 రాష్ట్రాలు గెలిచాడు. ముందే బాగా లీడ్‌లో ఉన్నాడనుకోండి, కానీ ఆ తర్వాత వయసు మాట ఎత్తినవాడికి మార్కెట్ లేకుండా పోయింది.