రివ్యూలు రాస్తానంటున్న అమ్మలుకి

విశాఖపట్నం

చి. అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

ఉద్యోగం చేసుకుంటూనే సినిమా రివ్యూలు రాస్తావనీ, వీడియోలు కూడా పెడతావనీ మీ అమ్మ చెప్పింది. వినగానే సంతోషం వేసింది, ఆ వెనకే దిగులూ పట్టుకుంది. ఈ పనికి మన ఇంట్లోంచి ఇంకొకరు వస్తున్నారంటే గర్వంగానే ఉంటుంది. కానీ ఇప్పుడు రివ్యూ పేరుతో జరుగుతున్నది చూస్తుంటే, నీకు నాలుగు మాటలు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

తేలిక విషయాలు ముందు. టికెట్టు నీ డబ్బుతోనే కొనుక్కో. సెన్సారు సర్టిఫికెట్టు పడకముందే సీట్లో ఉండు. సినిమా నిడివి, యూ/ఏలో ఏ వయసు గీత (7, 13, 16) ఇచ్చారో అక్కడే తెలుస్తుంది. తెర మధ్యకి ఎదురుగా, మూడింట రెండొంతులు వెనక్కి కూర్చో. చిన్న పుస్తకం, పెన్సిలు చాలు. చీకట్లో పేజీ చూడకుండా పెద్ద అక్షరాలతో సీనుకో మాట రాసుకో, ఇంటర్వెల్లో పేజీ మడిచి టైము వెయ్యి. కథ మొదటి అరగంటకి మించి చెప్పకు. రేటింగు అన్నిటికంటే ఆఖర్న వెయ్యి, 2.75 మాత్రం వెయ్యకు. అటు అభిమానుల్నీ ఇటు నిర్మాతనీ నొప్పించకుండా తప్పించుకోడానికే ఆ అంకె పనికొస్తుంది.

ఫోను గురించి ఒకటికి రెండుసార్లు చెప్తాను. హాల్లో బ్యాగులోంచి తియ్యనే వద్దు. హీరో ఎంట్రీ పది సెకన్లు స్టేటస్‌లో పెట్టుకోవడం మీ వయసువాళ్లకి మామూలైపోయింది. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టం సవరించాక, ఆడుతున్న సినిమాని అనుమతి లేకుండా రికార్డు చేస్తే కనీసం 3 నెలలు, గరిష్ఠంగా 3 ఏళ్లు జైలు. జరిమానా 3 లక్షల దగ్గర మొదలై నిర్మాణ ఖర్చులో 5 శాతం దాకా వెళ్లొచ్చు. నీ వీడియోకి బొమ్మ కావాలంటే వాళ్లు వదిలిన ట్రైలరులోంచి, నువ్వు మాట్లాడుతున్న షాటు మేరకే వాడుకో. విమర్శ కోసం అంత వాడుకోవడానికి కాపీరైట్ చట్టం 52వ సెక్షను చోటిస్తుంది. పాట మాత్రం నేపథ్యంలో కూడా పెట్టకు, కాపీరైట్ క్లెయిము వచ్చి పడుతుంది.

బెనిఫిట్ షోకి వెళ్తావట కదా, అందరికంటే ముందు రివ్యూ పెట్టాలని! వద్దమ్మా. రాత్రి ఒంటిగంటకి గేటు దగ్గర తోపులాటలో నువ్వుంటావన్న భయం నాకు ఎలాగూ ఉంది. అది పక్కన పెట్టినా, ఆ షోలో సినిమా వినబడదు. మొదటి ఇరవై నిమిషాలు ఈలలూ కాగితాలే. మాట వినబడకుండా మాటల రచయితని ఎలా తూస్తావు? పొద్దున్న మార్నింగ్ షోకి జగదాంబ వైపు సింగిల్ స్క్రీన్‌లో చూడు, జనం ఎక్కడ కదిలారో తెలుస్తుంది. సందేహం మిగిలితే సోమవారం మల్టీప్లెక్సులో ఖాళీ షోకి ఇంకోసారి వెళ్లు. రివ్యూ సాయంత్రానికి వస్తే కొంపలేం మునగవు.

ఇప్పుడు అసలు సంగతి. మన పనిలో తరాలుగా వస్తున్న తప్పొకటుంది: హాలు చేసిన పాపాన్ని సినిమాకి అంటగట్టడం.

రీళ్ల కాలంలో ఆ తప్పు కళ్లకి కనపడేది. ప్రొజెక్టర్లో వెలుగిచ్చే కార్బన్ కడ్డీలు కాలుతూ పొట్టయిపోతుంటే ఆపరేటరు పక్కనే ఉండి వాటి ఎడం సరిచెయ్యాలి. ఆయన టీకి వెళ్తే తెర మసకబారేది. 35 ఎం.ఎం. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు పరిగెత్తేది, ప్రింటు అరిగితే గీతలు వాన కురిసినట్టు పడేవి. బెంచీ టికెట్టు వాడికి కూడా అది హాలు లోపమని తెలుసు, ‘ఆపరేటర్!’ అని కేక వేసేవాడు. డిజిటల్ వచ్చాక గీతలు పోయాయి, కేకలూ పోయాయి, లోపం మాత్రం ఉంది. బొమ్మ శుభ్రంగానే ఉంటుంది, కొంచెం చీకటిగా ఉంటుంది, అంతే. సినిమానే అలా తీశారనుకుంటారు జనం. నువ్వూ అలాగే అనుకుని ‘సినిమాటోగ్రఫీ డల్‌గా ఉంది’ అని రాసేస్తావు. రివ్యూలో కెమెరామన్‌కి దొరికేది ఆ ఒక్క వాక్యమే, అదీ అబద్ధమైపోతుంది.

2డీకి తెర మీద ఉండాల్సిన వెలుగు 14 ఫుట్ లాంబర్ట్లు, తెర వెలుగుని కొలిచే కొలత అది. గ్రేడింగు చేసేవాళ్లు ఆ లెక్కకే రంగులు సరిచేస్తారు. ప్రొజెక్టర్లోని జెనాన్ ల్యాంపు వాడేకొద్దీ మసకబారుతుంది, కొత్తది కొనాలంటే డబ్బు, అందుకని ఇంకొన్నాళ్లు లాగుతారు. ల్యాంపు ఆయుష్షు పెరుగుతుందని కరెంటు తగ్గించి నడిపేవాళ్లూ ఉన్నారు. 3డీ కోసం లెన్సు ముందు పెట్టే పోలరైజర్‌ని తియ్యకుండా 2డీ వేస్తే సగానికి పైగా వెలుగు అక్కడే ఆగిపోతుంది. 3డీకి వాడే వెండి తెరలు మధ్యలో మెరిసి అంచుల్లో నల్లబడతాయి, పక్క సీట్లో కూర్చుంటే ఇంకా ఎక్కువ. 2024 జూన్‌లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’ 3డీలోనూ ఆడింది, 2డీలోనూ ఆడింది. కళ్లద్దాలతో చూసి రంగులు వెలిసిపోయాయని తీర్పు చెప్పడం న్యాయం కాదు. అలాంటి సినిమాని 2డీలో చూశాకే రంగుల మాటెత్తు.

పట్టుకోవడం కష్టం కాదు. సర్టిఫికెట్టు పడినప్పుడు దాని తెలుపు చూడు. తెల్ల కాగితంలా ఉందా, బూడిద రంగులో ఉందా? నాలుగు మూలలూ మధ్యతో సమానంగా ఉన్నాయా? పేర్లు అంచుల్లో తెగుతున్నాయా? స్కోప్ సినిమా వెడల్పు ఎత్తుకి 2.39 రెట్లు, ఫ్లాట్ అయితే 1.85. లెన్సు, మాస్కింగు (తెర అంచుల్ని కప్పే నల్ల గుడ్డ) సరిగా పెట్టకపోతే తలలు తెగుతాయి, ఆ తప్పు ఫ్రేము పెట్టినవాడిది కాదు.

చెవి విషయం ఇంకా ముఖ్యం. మాటలు తెర వెనక మధ్య స్పీకరు నుంచి వస్తాయి, సంగీతం ఎక్కువగా కుడి ఎడమల నుంచి, పక్క గోడల నుంచి. సంగీతం స్పష్టంగా ఉండి, మాట మాత్రం దుప్పట్లోంచి వచ్చినట్టుంటే ఆ హాల్లో మధ్య స్పీకరుని అనుమానించు. హాలు సౌండు పెంచి తగ్గించే పెట్టె మీద, మిక్సింగు చేసిన స్థాయి 7. ప్రకటనలు చెవులు పగలగొడుతున్నాయని ఎవరో గొడవ చేస్తే 5కో, ఇంకా కిందకో దించి, సినిమా మొదలయ్యాక పైకి ఎత్తడం మర్చిపోతారు. అప్పుడు గుసగుసలు పోతాయి, మెల్లగా మాట్లాడే నటుడు పోతాడు. ఇంటర్వెల్లో మేనేజరుని అడుగు, మర్యాదగా అడిగితే పెంచుతారు. రెండు వేరే హాళ్లలోనూ రీరికార్డింగు మాటల్ని మింగేస్తుంటే, అప్పుడు మొహమాటపడకుండా మిక్సింగు గురించి రాయి.

పాన్ ఇండియా సినిమాలకి ఒక చిట్కా. దగ్గర షాట్లలో మ, ప, బ పలికేటప్పుడు పెదవులు కలవాలి. కలవకపోతే ఆ షాటు తెలుగులో తీసింది కాకపోవచ్చు. నటన పొడిగా ఉందనిపించే చోట చాలాసార్లు కారణం డబ్బింగే.

చూసిన తేదీ, హాలు, ఏ కాపీయో రివ్యూ పైనే రాయి. ఇప్పుడు విడుదలయ్యాక కూడా సినిమా మారుతోంది. ‘గేమ్ ఛేంజర్’ 2025 జనవరి 10న వస్తే ‘నానా హైరానా’ పాట 14న కలిసింది. ‘పుష్ప 2’ 2024 డిసెంబరు 5న వచ్చింది, 2025 జనవరి 17 నుంచి ఇరవై నిమిషాలు పెంచి వేశారు. తేదీ లేకపోతే నువ్వు తిట్టిన సినిమా వేరు, చదివినవాడు చూసిన సినిమా వేరు అవుతుంది.

‘సెకండాఫ్ ల్యాగ్’ అన్న మాట నీ రివ్యూలో కనిపిస్తే ఫోన్ చేసి మరీ తిడతాను. ఎందుకు సాగింది? మనకి ముందే తెలిసిన విషయాన్ని పాత్రలు మళ్లీ ఒకరికొకరు చెప్పుకుంటే అది రాతలో లోపం. చెప్పాల్సింది అయిపోయాక కూడా షాటు నిలబడితే కత్తెర లోపం. మెచ్చుకోవడానికీ ఇదే పద్ధతి. మన ఊళ్లో జరిగే కథగా 2025 మార్చిలో వచ్చిన ‘కోర్టు’ చూశావు కదా. ‘శివాజీ ఇరగదీశాడు’ అంటే చదివేవాడికి ఏం తెలిసింది? ఇంట్లో ఆడవాళ్లు ఏం కట్టుకోవాలో తేల్చే మంగపతిని ఆయన పక్కింటి పెద్దమనిషిలా ఆడాడు, పరువు పేరుతో చేసే పనిని తప్పని ఒక్క క్షణం కూడా అనుకోని మనిషిలా. అందుకే భయం వేస్తుంది. అలా రాయి. మన యాస కూడా నువ్వే పట్టాలి. ఉత్తరాంధ్ర మాటని కమెడియన్‌కి మాత్రమే ఇచ్చారా, హీరోకీ ఇచ్చారా అన్నది హైదరాబాద్‌లో కూర్చున్నవాళ్లు గమనించరు.

కలెక్షన్ల జోలికి పోకు. 177 రూపాయల మల్టీప్లెక్సు టికెట్టులో 27 జీఎస్టీ. మిగిలిన 150లోంచి హాలు వాటా పోగా డిస్ట్రిబ్యూటరుకి వచ్చేది షేరు, పోస్టరు మీద వేసేది గ్రాస్, అంటే మొత్తం వసూలు. ఉత్తరాంధ్రకి హక్కులు ఎంతకి అమ్మారో తెలియకుండా హిట్టనీ ఫట్టనీ అనకూడదు. తెలిసినా ఆ లెక్క వేరే, సినిమా మంచీ చెడ్డా వేరే.

డబ్బిస్తామని సినిమా ప్రచారం చూసే పీఆర్‌వాళ్లు అడుగుతారు, నువ్వు పేరు తెచ్చుకోక ముందే అడుగుతారు. ఒప్పుకోకు. డబ్బు తీసుకుని ఆ సంగతి చెప్పకుండా పెడితే వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా ఉంది. ఆ చట్టం లేకపోయినా నా మాట ఇదే.

అభిమానులు బూతులు తిడతారు తల్లీ, ఆడపిల్లవని ఇంకా ఎక్కువ తిడతారు. నాకున్న పెద్ద భయం అదే. ప్రొఫైల్లో నీ నంబరు, మీ వీధి, ఆఫీసు ఏవీ ఉండకూడదు. హాల్లోంచి ‘ఇక్కడున్నాను’ అని పెట్టకు, ఇంటికి చేరాక పెట్టు. బెదిరింపు వస్తే స్క్రీన్‌షాట్ తీసి 1930 సైబర్ హెల్ప్‌లైన్‌కో సైబర్ పోలీసులకో చెప్పు, జవాబు మాత్రం ఇవ్వకు. నువ్వు కూడా నటుల ఒంటి గురించీ, ఇంటి గురించీ ఒక్క మాట రాయకు. పేరో తేదీయో తప్పు రాస్తే దిద్ది, దిద్దినట్టు కింద రాయి.

మీ నాన్నతో నేను మాట్లాడతాను, ఆ బెంగ పెట్టుకోకు. మొదటి రివ్యూ పెట్టగానే లింకు పంపు. నీ అభిప్రాయంతో నాకు పని లేదు. పేర్లు, తేదీలు, ఏ లోపం ఎవరిదన్నది చూసి ఆ రాత్రే ఫోన్ చేస్తాను.

పెదనాన్న