అమ్మ ఇండియా వెళ్ళిపోయాక మెల్‌బోర్న్‌లో పసిపాపతో ఒక్కదాన్నే ఎలా?

మూడు నెలల పాప, వచ్చే నెల అమ్మ వీసా గడువు అయిపోతుంది, తర్వాత రోజంతా ఒక్కదాన్నే, ఇంగ్లీషు అంతంతమాత్రం, ఇప్పుడే డే కేర్‌లో వేసేయాలా అని అడిగారు. మేమూ పడమటి వైపు, విండమ్‌లోనే ఉంటాం. నా ఇద్దరు పిల్లలూ ఇక్కడే పుట్టారు. నన్నడిగితే డే కేర్ సంగతి తర్వాత. అమ్మ ఉండగానే, నడిచి వెళ్ళేంత దూరంలో నలుగురు మనుషుల్ని చూసుకోండి. ఆవిడ వెళ్ళాక మొదలుపెడదాంలే అనుకుంటే పాపతో గడప దాటడమే పెద్ద పనవుతుంది.

పాప పుట్టిన కొత్తలో ఇంటికొచ్చి చూసిన మెటర్నల్ అండ్ చైల్డ్ హెల్త్ నర్సు గుర్తుందా, అక్కడే మొదలుపెట్టండి. మన విక్టోరియా రాష్ట్రంలో ఈ సేవ ఉచితం. మూడున్నరేళ్ళు వచ్చేలోపు మొత్తం 10 సార్లు చూస్తారు. మనవాళ్ళు చాలామంది బరువు తూయించి, పాప ఆరోగ్య వివరాలుండే ఆకుపచ్చ పుస్తకంలో రాయించుకుని వచ్చేస్తారు. అసలు ఉపయోగం దాని తర్వాతే. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని చెప్పండి, మీ దగ్గర డబ్బులు తీసుకోరు. భర్తనే ఇంటర్‌ప్రెటర్‌గా తీసుకెళ్ళకండి. తల్లి మనసు ఎలా ఉందో తెలుసుకోవడానికి 10 ప్రశ్నల కాగితం ఒకటిస్తారు, గత ఏడు రోజుల్లో ఎలా ఉన్నారని. ఆయన పక్కన కూర్చుంటే "ఊరికే ఏడుపొస్తోంది" అని ఎవరు చెప్పగలరు? అన్నిటికీ బాగున్నాను అని టిక్ పెట్టి లేచి వచ్చేస్తాం.

ఇంకో భయం కూడా ఉంటుంది. 2011లో నార్వేలో ఒక భారతీయ కుటుంబం పిల్లల్ని అక్కడి అధికారులు తీసుకెళ్ళిన సంగతి మనవాళ్ళెవరూ మర్చిపోలేదు. బిడ్డకు నిజంగా హాని ఉందనిపిస్తే అధికారులకు చెప్పాల్సిన బాధ్యత ఇక్కడి నర్సుకూ ఉంది, అది దాచను. కానీ నిద్ర లేదు, ఓపిక లేదు, దిగులుగా ఉంది అంటే మాత్రం ఎవరి దగ్గరకు వెళ్ళాలో దారి చూపిస్తారు, అంతే.

మొదటి కాన్పు వాళ్ళకు కౌన్సిల్ తరఫున కొత్త తల్లిదండ్రుల గ్రూపులు నడుస్తాయి. మీ చుట్టుపక్కల వాళ్ళే, దాదాపు మీ పాప వయసు పిల్లలే. చోటుందా అని నర్సునే అడగండి. ఇంగ్లీషు గురించి టెన్షన్ పడకండి. నా గ్రూపులో ఒక పంజాబీ అమ్మాయి, ఒక వియత్నాం అమ్మాయి ఉండేవాళ్ళు, మా ముగ్గురిదీ ఒకటే రకం ఇంగ్లీషు. ఎవరికీ ఎవరి వ్యాకరణమూ పట్టలేదు, పాలు కక్కడం గురించి గంటలు గంటలు మాట్లాడుకున్నాం. గ్రూపు అయిపోయాక కూడా ప్రామ్‌లు తోసుకుంటూ కలిసి నడిచేవాళ్ళం. లైబ్రరీల్లో పసిపిల్లల రైమ్ టైమ్ ఉంటుంది, అదీ ఉచితమే. కాస్త పెద్దయ్యాక ప్లేగ్రూప్. అక్కడ పిల్లల్ని వదిలి రావడం ఉండదు, మనమూ కూర్చోవాలి. నాకైతే అదే నచ్చింది.

మరి తెలుగు వాట్సాప్ గ్రూపులు? ఉండండి, తప్పకుండా ఉండండి. వాడిన ప్రామ్, బాలింతకు వండి పంపే చారు, ఒక పూట తోడు, అన్నీ అక్కడే దొరుకుతాయి. మందుల సలహాలు మాత్రం అక్కడ తీసుకోకండి. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించమని చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, అది ప్రమాదం. కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది కాబట్టి అదీ వద్దు. మా అత్తయ్యతో ఈ రెండింటి మీద నేను వాదన పెట్టుకోలేదు. ఆవిడను వెంట తీసుకెళ్ళి నర్సు నోటితోనే చెప్పించాను. "డాక్టరమ్మ వద్దంది" అని ఊళ్ళో వాళ్ళకు ఆవిడే ఫోన్ చేసి చెప్పుకుంది. డాక్టర్ కాదు, నర్సు అని చెప్పినా వినలేదు లెండి.

రాత్రి పూట పాలు, నిద్ర లాంటి సందేహాలొస్తే 13 22 29కి చేయండి, 24 గంటలూ నర్సులుంటారు. తెలుగులో మాట్లాడాలంటే ముందు ఇంటర్‌ప్రెటర్ సర్వీసు 131 450కి చేసి, తెలుగు అని చెప్పి, ఆ నంబరుకు కలపమనండి. పాపకు ఊపిరి అందకపోయినా, ఒళ్ళు నీలంగా మారినా ఇవేవీ కాదు, నేరుగా అత్యవసర నంబరు 000.

ఇక డే కేర్. ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీ వీసాను బట్టి ఉంటుంది. పీఆర్ (శాశ్వత నివాస వీసా) ఉంటే అర్హత చూసుకోండి, చాలా తాత్కాలిక వీసాల మీద రాదు, ఫీజు మొత్తం మనమే కట్టాలి. ఉద్యోగంలో చేరాలనుకుంటే దగ్గర్లో రెండు మూడు చోట్ల వెయిటింగ్ లిస్టులో పేరు ఇచ్చి ఉంచండి, చేర్చడం తర్వాత చూసుకోవచ్చు.