ఓటు రహస్యమే, మరి చందా?

ప్రశ్న: మేడమ్, ఓటు రహస్యంగా ఉండాలంటారు కదా, మరి పార్టీలకిచ్చే చందా రహస్యంగా ఉంటే తప్పేంటని మా బావగారు వాదిస్తున్నారు. రెండూ ఒకటేనా? – ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: ఒకటి కాదమ్మా, అస్సలు కాదు. బూత్‌లో అట్టల చాటున బటన్ నొక్కితే ఓటు ఎవరికి పడిందో చూపించే వీవీప్యాట్ స్లిప్పు 7 సెకన్లు మీకొక్కరికే కనిపించి లోపల పడిపోతుంది, ఆ చాటు ఉంది కాబట్టే కూలికెళ్లే మనిషి ఆసామికి భయపడకుండా తనకి నచ్చినోళ్లకి వేయగలుగుతుంది. అయినా బూత్‌లవారీ లెక్కలు బయటికొస్తాయి కదా, మీ వీధి ఓట్లు మాకు పడలేదని బెదిరించే లీడర్లు ఇంకా ఉన్నారు, అది తల్చుకుంటే నాకు చాలా బాధగా ఉంటుంది. 2018లో ఎలక్టోరల్ బాండ్లు, అంటే పేరు బయటపడకుండా పార్టీలకి చందా ఇచ్చే పత్రాలు, మొదలయ్యాక మాత్రం చాటు దొరికింది బలహీనులకి కాదు, కోట్లు ఇచ్చేవాళ్లకి. అమ్మింది ఎస్‌బీఐ, కొన్నదెవరో బ్యాంకుకి తెలుసు, ఓటేసే మనకే తెలీదు. ఇలాగైతే ఎవరిని నమ్మాలి చెప్పండి? 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జీలూ ఏకగ్రీవంగా ఆ స్కీమ్ కొట్టేశారు, ఓటరుకి తెలుసుకునే హక్కుందన్నారు. మార్చిలో బాండ్లు కొన్నవాళ్ల లిస్టు వచ్చాక చూస్తే పెద్ద దాతల్లో హైదరాబాద్ కంపెనీలూ ఉన్నాయి. ఎన్నికల సంఘమే దాన్ని వెబ్‌సైట్‌లో పెట్టింది, బావగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఓసారి చూడండి.