నలభై మూడు పుస్తకాలకు మార్కులు వేసిన అమ్మాయికి

పాలకొల్లు

అమ్మాయీ,

ఆశీస్సులు. నీ ఉత్తరం, దాంతో పాటు పంపిన నోటు పుస్తకం అందాయి. కథలు రెండూ చదివాను. వాటి గురించి నువ్వు వచ్చినప్పుడు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుందాం. ఈ ఉత్తరం మాత్రం నోటు పుస్తకం చివర నువ్వు గీసిన పట్టిక గురించి. ఈ ఏడాది చదివిన నలభై మూడు పుస్తకాలకు పదికి ఇన్నేసి అని మార్కులు వేశావు. కవితల పుస్తకానికి నాలుగు, డిటెక్టివ్ నవలకు ఏడున్నర, ఒక ఆత్మకథకు అయిదు, ఆనకట్ట చరిత్రకు రెండు. ఆ రెండు పక్కన "బోర్" అని ఒక్క ముక్క. కింద అడిగావు: "మాస్టారూ, మంచి పుస్తకాలు ఎక్కడ వెతకాలి? చదివాక అది మంచిదో కాదో ఎలా తేల్చుకోవాలి?"

కొత్తగా రాసేవాళ్లు చాలామంది నన్ను ఏ పత్రికకు పంపమంటారని అడుగుతారు. నువ్వు ఇది అడిగావు. నాకు చాలా సంతోషం వేసింది. అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

మా నాన్నగారు ధాన్యం కమీషన్ వ్యాపారం చేసేవారు. కళ్లంలో రాశి దగ్గర కూర్చుని గుప్పెడు గింజలు తీసి, ఒకటి పంటి కింద పెట్టి కొరికేవారు. టక్కున విరిగితే ఆరినట్టు, మెత్తగా నలిగితే ఇంకా తేమ ఉన్నట్టు. అదే మనిషి అంబాజీపేట కొబ్బరి మార్కెట్‌కు వెళితే కురిడీ కాయ, అంటే లోపల కొబ్బరి ఎండిన కాయ, చెవి దగ్గర పెట్టుకుని ఆడించేవారు. లోపల గుండు కదిలిన చప్పుడు బట్టి ధర చెప్పేవారు. కొబ్బరికాయను కొరికి, ధాన్యాన్ని చెవి దగ్గర ఆడించి చూసేవాణ్ణి మన ఊళ్లలో ఎవరైనా బేరానికి పిలుస్తారా? నీ పట్టికలో జరిగింది అదే. నలభై మూడు పుస్తకాలనూ ఒకే పంటితో కొరికావు.

నీ వయసులో నేనూ ఆ పని చేశాను. నీకు జరిగిన నష్టం చిన్నది, నోటు పుస్తకం దాటి బయటికి రాలేదు. నేను చేసింది అచ్చులోకి వెళ్లింది. ఒక చిన్న పత్రికవాళ్లు ఒక డిటెక్టివ్ నవల ఇచ్చి సమీక్ష రాయమన్నారు. పాత్రల్లో లోతు లేదని, భాషలో అందం లేదని రెండు పేజీలు రాశాను. అది అచ్చయిన వారానికి, బస్టాండు రోడ్డులో నేను పుస్తకాలు అద్దెకు తెచ్చుకునే షాపాయన నన్ను ఆపి అడిగాడు: "మాస్టారూ, హంతకుడెవరో మీకు ఎన్నో పేజీలో తెలిసింది?" చివరి దాకా తెలియలేదు అన్నాను. రాత్రి రెండింటి దాకా మేలుకుని పూర్తి చేశానని కూడా చెప్పాను. "మరి ఆ మాట రాయలేదేం?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఆ రచయిత నాకు ఇస్తానన్నది ఇచ్చాడు. ఇస్తానని ఎక్కడా అననిదాని కోసం నేను అతన్ని తప్పుపట్టాను. అంతకన్నా పెద్ద తప్పు, నాకు నిజంగా కలిగిన అనుభవాన్ని దాచిపెట్టాను. అతనికి ఉత్తరం రాద్దామని చాలాసార్లు అనుకున్నాను, రాయలేదు. అది ఇప్పటికీ నాకు బాధగానే ఉంది.

ఆ షాపాయన పెద్దగా చదువుకున్నవాడు కాదు. కానీ పుస్తకం తిరిగి రాగానే పేజీలన్నీ ఒకసారి బొటనవేలితో జారవిడిచి చూసేవాడు. మూల మడత ఏ పేజీలో మిగిలిపోయిందో చూసేవాడు. ముగ్గురు మనుషులు ఒకే పుస్తకాన్ని అరవయ్యో పేజీ దగ్గర వదిలేశారంటే తప్పు అరవయ్యో పేజీలో కాదు, నలభయ్యో పేజీలో ఉంటుందనేవాడు. నేను ఆ మాట నమ్మి వెనక్కి వెళ్లి వెతికేవాణ్ణి. చాలాసార్లు నిజమయ్యేది. నీ కథలు ఎక్కడ కుంటుతున్నాయో వెతకడానికి కూడా ఇది పనికొస్తుంది.

డిటెక్టివ్ నవలను రెండుసార్లు చదువు. మొదటిసారి హంతకుణ్ణి నువ్వు పట్టుకోలేకపోవాలి. రెండోసారి అతను మొదటి నుంచీ నీ కళ్లెదుటే తిరుగుతూ కనబడాలి. ఆఖరి అధ్యాయంలో ఎక్కడి నుంచో కొత్త మనిషిని తెచ్చి నేరం అంటగడితే ఆ రచయిత నిన్ను మోసం చేసినట్టు. అక్కడ మార్కులు నిర్దాక్షిణ్యంగా కొయ్యి. ఏ రకానికి తగ్గ పరీక్ష ఆ రకానికి పెట్టమంటే, అన్నీ మంచివేనని ఒప్పుకోమని నా ఉద్దేశం కాదు.

తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగ విజయాలు నాటకానికి మూడు మార్కులు వేశావు, "పాత్రలు ఒకరి తర్వాత ఒకరు పద్యాలు చదవడమే" అని. నువ్వు దాన్ని గదిలో కూర్చుని కళ్లతో చదివావమ్మా. ఆ పద్యాలు అలా చదవడానికి రాసినవి కావు. హార్మోనియం శ్రుతి మీద, వేల మంది మధ్య, ఆఖరి పాదం చివర రాగం తీయడానికి రాసినవి. మా చిన్నప్పుడు తీర్థాల్లో తెల్లవార్లూ నాటకం ఆడేవారు. రాయబారం సీను కోసం పొలం పనికి వెళ్లేవాళ్లు కూడా నిద్ర మానుకుని కూర్చునేవారు, నచ్చిన పద్యానికి వన్స్‌మోర్ కొట్టేవారు. ఆ జంట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వారు పుట్టిన కడియం ఇప్పుడు మొక్కల నర్సరీలకు పేరు. నువ్వు బస్సులో ఎన్నిసార్లు ఆ ఊరు దాటి ఉంటావో. ఈసారి ఆ పద్యాలు ఎవరైనా పాడుతుండగా విను, తర్వాత పుస్తకం తెరువు. అప్పుడు కూడా నచ్చకపోతే నీ మూడు మార్కులకు నేను అడ్డు చెప్పను.

"బోర్" అన్న పుస్తకం సంగతి. ధవళేశ్వరం దగ్గర గోదావరి ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయిందన్న సంగతి నీకు ఆ పుస్తకమే చెప్పింది. అంతకు ముందు ఈ డెల్టాలో కరువులు ఎలా ఉండేవో కూడా చెప్పింది. నువ్వు దానిలో కథ వెతికావు. చరిత్ర పుస్తకాన్ని అడగాల్సింది వేరు: ఈ సంగతి నీకెలా తెలుసు? కాగితం ఉందా, ఎవరైనా చెప్పారా, ఊహించావా? ఊహించిన చోట ఊహ అని ఒప్పుకున్నావా? కాటన్ దొర పేరు వందసార్లు వచ్చిందే, రాళ్లు మోసిన కూలీలకు ఎన్ని పేజీలు ఇచ్చావు? ఇంకో సులువైన పద్ధతి చెబుతాను. నీకు బాగా తెలిసిన ఒక్క చిన్న విషయం, మీ ఊరి లాకుల సంగతో, మీ కాలువ ఏ పంట కాలువకు కొమ్మో, ఆ పుస్తకంలో ఎలా ఉందో చూడు. ఇవాళ ధవళేశ్వరంలో కనిపించే గేట్ల బ్యారేజీనే కాటన్ కట్టాడని రాసి ఉంటే, మిగతా పేజీలను కూడా అనుమానంగానే చదువు. అది ఆయన పోయిన చాలా ఏళ్లకు కట్టింది. సరిగ్గా ఉంటే నీకు తెలియని విషయాల్లో కూడా కొంత నమ్మవచ్చు. వాక్యాలు నిజంగా నీరసంగా ఉంటే ఆ మాటా రాయి, కానీ వేరే గడిలో రాయి.

కథల దగ్గరికి వస్తే నేను ఎక్కువసేపు ఆగాలి. నువ్వు రాయబోయేది అదే కదా. పాలగుమ్మి పద్మరాజు గారి "గాలివాన"కు 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ వాళ్లు పెట్టిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. ఆయన మన పశ్చిమ గోదావరి వారే. బహుమతి వచ్చిందని తెలిసి, భక్తిగా చదివాను. బాగుందనుకున్నాను, అంతే. బహుమతి పుస్తకం ఎక్కడుందో చెబుతుంది, నా బదులు చదివిపెట్టదు కదా.

తర్వాత 1996 నవంబర్ 6 రాత్రి వచ్చింది. ఆ తుఫాను గురించి మీ అమ్మనడుగు, చెబుతుంది. కోనసీమలో కొబ్బరి తోటలు పడుకుండిపోయాయి. వందల మంది పోయారు. అది జరిగిన చాలా నెలలకు ఆ కథ మళ్లీ తీశాను. గాలి చప్పుడు ఎంత సరిగ్గా రాశారో చూద్దామని తీశాను. చదువుతూ చదువుతూ గాలి సంగతి మర్చిపోయాను. సూత్రాల మీద బతికే ఒక పెద్దమనిషి, రైల్లో అడుక్కునే ఒక ఆడమనిషి. వాళ్లిద్దరి మధ్య ఆ రాత్రి ఏం కదిలిందో, అది నాకు అప్పుడు తగిలింది. మా వీధిలో ఆ రాత్రి ఎప్పుడూ పలకరించుకోని మనుషులు ఒకే గదిలో ఒకళ్ల చెయ్యి ఒకళ్లు పట్టుకుని కూర్చున్నారు. కథలో మనిషి ఎక్కడ నిలబడి మొదలయ్యాడు, ఎక్కడికి జరిగాడు, ఆ జరగడాన్ని నేను నమ్మానా? కథను నేను ఇప్పుడు ఇలా చూస్తాను. ఒక కథను ఒక్కసారి చదివి తేల్చేయకు అని చెప్పడానికి కూడా నాకు ఇదే కారణం. నువ్వు నాలుగు వేసిన కవితల పుస్తకం కూడా అయిదేళ్లు పక్కన పెట్టి మళ్లీ తియ్యి.

ఇక పుస్తకాలు ఎక్కడ వెతకాలన్నది. మీ నాన్న కట్టే ఇంటి పన్నులో గ్రంథాలయ సెస్సు ఉంటుంది. అందుకని శాఖా గ్రంథాలయం నీది, మొహమాటం లేకుండా వెళ్లు. కృష్ణా డెల్టాలో 1935లో పడవ మీద పుస్తకాలు పెట్టి కాలువ వెంబడి ఊళ్లకు తీసుకెళ్లారు, కొల్లూరు నుంచి పెదవడ్లపూడి దాకా. మనకు ఇప్పుడు నడిచి వెళ్లగలిగే దూరంలో బీరువాలు ఉన్నాయి. పుస్తకం వెనక అట్ట లోపల తారీఖుల చీటీ అంటించి ఉంటుంది చూడు. ముద్రలతో నిండిపోయిన చీటీ ఉన్న పుస్తకం ఒకటి తీసుకో. ఏళ్ల తరబడి ముద్ర పడని పుస్తకం ఒకటి తీసుకో. ఊరంతా ఎందుకు చదివింది, ఎవరూ ఎందుకు ముట్టుకోలేదు అని రెండింటినీ అడుగు. శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి గారి ఆత్మకథ "అనుభవాలూ-జ్ఞాపకాలూనూ" నాకు అలా ముద్ర పడని చీటీతోనే దొరికింది. వేదపండితుల ఇంట పుట్టి తెలుగు కథల్లోకి వచ్చిన మనిషి. మన గోదావరి ఇళ్లలోని మాట అంత శుభ్రంగా ఎక్కడా వినలేదు నేను. ఆ పుస్తకం పదకొండేళ్లుగా ఎవరూ ఇంటికి తీసుకెళ్లలేదు.

తగాదాల వెంట కూడా వెళ్లు. విశ్వనాథ సత్యనారాయణ గారు "రామాయణ కల్పవృక్షం" రాశారు. మన జిల్లాలో పుట్టిన రంగనాయకమ్మ గారు "రామాయణ విషవృక్షం" రాశారు. పేరులోనే జవాబు ఉంది. ఒకటి చదివి ఇంకోటి మానేస్తే తగాదాలో ఒక్కరి మాటే విన్నట్టు. ఇంకో పని: 1934లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు, అంటే ఆంధ్రా యూనివర్సిటీ, నవలల పోటీ బహుమతిని విశ్వనాథ వారి "వేయిపడగలు", అడివి బాపిరాజు గారి "నారాయణరావు" పంచుకున్నాయి. రెండూ చదివి, పంచకుండా ఒకరికే ఇవ్వాల్సి వస్తే నువ్వు ఎవరికిస్తావో, ఎందుకో నాకు రెండు పేజీలు రాసి పంపు.

ఇది చెప్పకపోతే నాకు మనసు ఒప్పదు. నీ నలభై మూడు పుస్తకాల పేర్లు మళ్లీ చూసుకో. రాసినవాళ్లందరూ దాదాపు ఒకే రకం ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు. నా పట్టిక కూడా ముప్పై ఏళ్లు వచ్చేదాకా అలాగే ఉండేది. బోయి భీమన్న గారు మామిడికుదురులో పుట్టారు, మాకు రేవు దాటితే వచ్చే ఊరు. పాలేరు కుర్రాడి చదువు గురించి ఆయన రాసిన "పాలేరు" నాటకం గురించి బడిలో గానీ ఇంట్లో గానీ నాకు ఎవరూ చెప్పలేదు. మా ఇంట్లో ఇద్దరు పాలేర్లు ఉండేవారు. ఆ నాటకం చదివాక వాళ్ల పిల్లలు ఏం చదివారో నాకు తెలియదని మొదటిసారి తట్టింది. అందుకే బీరువా ముందు నిలబడినప్పుడు ఉన్న పుస్తకాలనే కాకుండా, ఎవరి పుస్తకం లేదో కూడా చూడు. దాన్ని అడిగి తెప్పించుకో.

చదివిన రాత్రే నోటు పుస్తకంలో రాయి. ఇంకొకరి అభిప్రాయం చెవిన పడకముందే రాయాలి. ఏ చోట ఆగావు, ఏ వాక్యం మళ్లీ చదివావు, ఎక్కడ ఫోన్ చూసుకున్నావు, నిజంగా జరిగింది రాయి. మార్కులు ఆర్నెల్ల తర్వాత వేసుకోవచ్చు.

నీ పట్టికలో వారపత్రిక సీరియల్ ఒక్కటి కూడా లేదు. వాటిని చిన్నచూపు చూస్తున్నావేమోనని అనుమానం. అందుకే ఈ ఉత్తరంతో పాటు ఒక బైండు పంపుతున్నాను. మా అమ్మ వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చించి, వరసగా పేర్చి, కుట్టించుకునేది. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో ఆడవాళ్లు అలా చేసేవారు. పేజీల వెనక సబ్బు ప్రకటనలు, వంటలు కూడా ఉంటాయి. బైండుగా చదివితే ప్రతి ఏడెనిమిది పేజీలకూ ఒక ఉలికిపాటు తగులుతుంది. విసుగనిపిస్తుంది. కానీ దాన్ని వారం వారం, ఏడు రోజులు ఎదురుచూసి చదివిన మనిషిని ఊహించుకుంటే ఆ ఉలికిపాటు ఎందుకో తెలుస్తుంది.

1986 ఆగస్టు వరదల్లో, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు, మాకు ఒక వారం పత్రిక అందలేదు. రోడ్లు మునిగాయి. అమ్మ ఆ వారం భాగాన్ని తనే రాసింది. నా పరీక్ష పేపర్ల కట్టలోంచి తెల్ల కాగితాలు తీసుకుని, పెన్సిల్‌తో, సరిగ్గా ఎనిమిది పేజీలు. చివర ఉలికిపాటు కూడా ఉంది. బైండులో దాని చోట దాన్ని కుట్టించింది. ఆమె పోయాకే నేను చూశాను. ఆమె అయిదో తరగతి వరకే చదివింది.

తర్వాత అచ్చయిన అసలు భాగం ఒక స్నేహితుడి ఇంట్లో దొరికింది. దాన్ని విడిగా కవర్లో పెట్టి అంటించాను. ముందు మొదటి నుంచి చదువుకుంటూ వచ్చి అమ్మ రాసిన పేజీలు చదువు. ఆ రాత్రే నోటు పుస్తకంలో రాసుకో. ఆ తర్వాతే కవర్ విప్పు. సంక్రాంతికి వచ్చేటప్పుడు బైండు జాగ్రత్తగా తీసుకురా, పెన్సిల్ రాత కదా, తడి తగలనీయకు.

మీ మాస్టారు