మత్తు, పొగాకు వ్యసనాలపై పరిశోధనకు కొత్తగా వచ్చేవారికి ముందుగా ఏ శిక్షణ ఇవ్వాలి?

నన్ను అడిగితే, మొదటి నెల వాళ్ల చేతికి సర్వే ప్రశ్నావళే ఇవ్వకూడదు. గణాంకాలు తర్వాత ఎప్పుడైనా నేర్చుకోవచ్చు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఎనిమిదేళ్లు ఇంటింటి సర్వేలు చేసిన అనుభవంతో చెబుతున్నాను.

నేను చేరినప్పుడు నగరంలో, ఏసీ గదిలో, రెండు రోజులు తెర మీద పాఠం చెప్పారు. మూడో రోజు కళింగపట్నం దగ్గర ఒక మత్స్యకార పల్లెకు పంపారు. అరవై దాటిన మామ్మ ఒకామె ఎండుచేపలు తిరగేస్తూ కూర్చుని ఉంది. "మామ్మా, మీరు ధూమపానం చేస్తారా?" అని ఫారంలో ఉన్నది ఉన్నట్టు చదివాను. ఆమెకు అర్థం కాలేదు. "పొగ తాగుతారా?" అన్నాను. "లేదు బాబూ, మగవాళ్లు తాగుతారు" అంది. 'లేదు' గడిలో టిక్కు పెట్టి తదుపరి ప్రశ్నకు వెళ్లాను. ఆమె జవాబులు చెబుతూనే చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లోకి తిప్పి పెదవులు మూసుకుంది.

అడ్డపొగ. మా అమ్మమ్మ కాల్చగా చిన్నప్పటి నుంచి చూసినదే. "మరి ఇదేమిటి మామ్మా?" అంటే "ఇది చుట్ట కదా!" అంది. ఆమె అబద్ధమాడలేదు. ఆమె లెక్కలో పొగ తాగడమంటే బీడీ, సిగరెట్టు, బజారులో మగవాళ్లు చేసే పని. చుట్ట తల్లి నుంచి వచ్చిన అలవాటు. అంతకుముందు పదకొండు ఇళ్లలో ఫారాలు నింపాను. అన్నిటికీ మళ్లీ వెళ్లి "చుట్ట కాలుస్తారా, ఎటువైపు పెట్టుకుంటారు?" అని అడిగాను. నలుగురి జవాబు మారిపోయింది.

ఈ జిల్లాకు పరిశోధకులు కొత్త కాదు. దంతవైద్య పరిశోధకులు ఫాలీ మెహతా, డెన్మార్కుకు చెందిన పిండ్‌బోర్గ్‌ల బృందం శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థులను పరిశీలించి, అడ్డపొగ వల్ల అంగిలిపై వచ్చే మార్పుల గురించి 1971లో ప్రచురించింది. వాళ్లు అడిగి ఊరుకోలేదు, నోరు తెరిపించి చూశారు. ఇక్కడికి వచ్చే కొత్తవారికి ఆ వ్యాసాన్ని చదివించినవారు నాకు ఇంతవరకు తారసపడలేదు.

మద్యం దగ్గర చిక్కు ఇంకా ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన 'ఆడిట్' ప్రశ్నావళిలో 10 ప్రశ్నలు, 40 మార్కులు. 8 వచ్చినా, అంతకు మించినా తాగుడు ప్రమాదకరమని లెక్క. అందులో ఒక డ్రింకు అంటే 10 గ్రాముల ఆల్కహాలు. మన్యంలో జీలుగు కల్లు తాగే మనిషిని "ఎన్ని డ్రింకులు?" అంటే ఏం చెబుతాడు? పొద్దున దించిన కల్లు వేరు, సాయంత్రానికి పులిసిన కల్లు వేరు. ఎన్ని ముంతలు, ఎప్పుడు దించినది అని అడగడం నేర్పాలి.

మరో బాధ కూడా చెప్పాలి. యువ పరిశోధకులను పదకొండు నెలల ఒప్పందం మీద తీసుకుంటారు. ఊరి మాట చెవికి పట్టేసరికి ఒప్పందం ముగుస్తుంది. తర్వాత వచ్చినవారు మళ్లీ "ధూమపానం చేస్తారా?" దగ్గరే మొదలుపెడతారు.

నెల తర్వాత దంతవైద్యురాలితో కలిసి ఆ పల్లెకు వెళ్లాం. మామ్మ అంగిలి మీద తెల్లని మచ్చలు, వాటి నడుమ మానని పుండు కనిపించాయి. ఆమెను ఆసుపత్రికి పంపడానికి మా ప్రాజెక్టులో ఒక్క రూపాయి కేటాయించలేదు. మేం నలుగురం తలా కొంత వేసుకుని ఆటో మాట్లాడాం. జబ్బు కంటపడితే ఏ వైద్యుడికి ఫోను చేయాలో, బండికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో శిక్షణ మొదటి రోజునే చెప్పండి.